మిమ్మల్ని కత్తి చంపలేదండీ

ఏవండీ,

బాగున్నారా అని అడగను. అక్కడ బాగానే ఉంటారని పాస్టరుగారు చెప్తూనే ఉన్నారు. మేమెలా ఉన్నామో చెప్పడానికే రాస్తున్నాను. మీరు వెళ్ళి ఏడాదిన్నర కావస్తోంది. ఢిల్లీలో చలి మొదలైంది. ఇవాళ పొద్దున దూది రజాయిలు మేడ మీద ఎండలో వేశాను. మీది కూడా వేశాను... ఎందుకు వేశానని అడక్కండి.

మన పిల్ల షారోన్ గ్రేటర్ నోయిడా హాస్టల్లోనే ఉంది. శనివారం బస్సెక్కి వస్తుంది, మురికి బట్టల సంచీతో. నేను ఇంకా పిల్లల వార్డులోనే చేస్తున్నాను. రేపల్లె వచ్చెయ్యమని మీవాళ్ళు, తెనాలి వచ్చెయ్యమని మావాళ్ళు. నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఇది మనం ఇద్దరం కట్టుకున్న కాపురం. ఒకరు తగ్గితే కాపురం కాకుండా పోతుందా?

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, రాస్తే ఏడుపే రాసేదాన్ని. ఇప్పుడు ఏడుపు కాదు, కోపం. కోపంగా ఉన్నప్పుడు నా చేతిరాత బాగుంటుందని మీరే అనేవారు కదా.

మొన్న ఎండాకాలంలో మీ మొదటి వర్ధంతికి చర్చి హాల్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. రేపల్లె నుంచి మీ అన్నయ్య దానియేలు బావగారు వచ్చారు. పాటలయ్యాయి, వాక్యమయింది. కుటుంబం తరఫున రెండు మాటలు చెప్పమంటే ఆయన లేచారు. మీరు పదో తరగతి పాసైన రోజు సైకిల్ ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పానని చెప్పారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది...

ఆపలేదు. "మా తమ్ముడు బండలాంటి మనిషి. తన కాళ్ళ మీద నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ జబ్బుని కత్తితో కదిలించకుండా ఉంటే ఇంకో పదేళ్ళు మన మధ్య ఉండేవాడు. కదిలించారు, ఒళ్ళంతా పాకింది. చదువుకున్నాం అనుకునేవాళ్ళకి మనం చెప్పగలమా?" అన్నారు.

నా వైపు చూడకుండా అన్నారు. అది ఇంకా బాగా తగిలింది.

హాల్లో తలలు ఊగాయండీ. మన ఇంట్లో అన్నం తిన్నవాళ్ళ తలలే.

ఆపరేషన్ కాగితం మీద సంతకం నాదని వాళ్ళందరికీ తెలుసు. నర్సు అయ్యుండీ మొగుణ్ణి కోయించిందన్న మాట నా చెవిన పడి చాలాకాలమైంది. నర్సు అయ్యుండీ ముందే కనిపెట్టలేకపోయిందన్న మాట కూడా పడింది. రెండూ ఒకే నోటితో అంటారు. ముందే కనిపెట్టి ఉంటే ఏం చేసేవాళ్ళం? అప్పుడైనా కోయించేవాళ్ళమే కదా? ఈ సంగతి వాళ్ళకి తట్టదా?

మీకు నడుం నొప్పితో మొదలైంది. టెలిఫోన్ శాఖలో కేబుల్ సెక్షన్ ఉద్యోగం, వాన పడితే రోడ్డు మీద తవ్విన గోతిలోకి వంగి చూస్తూ నిలబడే ఉద్యోగం. నడుం నొప్పి రాక ఏమొస్తుందనుకున్నాం. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి వెన్నుపూస అరిగిందన్నాడు, బెల్టు కట్టుకోమన్నాడు. కట్టుకున్నారు. కానీ వెల్లకిలా పడుకుంటే నొప్పి పెరిగేది. దిండు ఒళ్ళో పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గేది. తర్వాత బరువు తగ్గారు. మీ వంశంలో ఎవరికీ లేని షుగరు వచ్చింది. షుగరుకి ఒకరు మందిచ్చారు, నడుముకి ఒకరు, ఆకలికి ఇంకొకరు. ఎవరి ముక్కకి వాళ్ళు. కళ్ళు పచ్చబడ్డాక గాని స్కాన్ దాకా రాలేదు.

ఆ రోజు సర్జన్ మనల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం మీద బొమ్మ వేశారు. కడుపు వెనక, వెన్నుకి దగ్గరగా అడ్డంగా పడుకున్న క్లోమం. దాని తల భాగంలో క్యాన్సర్ గడ్డ. ఆ వెనకే పేగులకి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని. ధమని చుట్టూ పాదు అల్లుకున్నట్టు నరాలు.

ఈ జబ్బుకి నరాలంటే మహా ఇష్టమన్నారాయన. నరం చుట్టూ సన్నని తొడుగు ఉంటుందట. ఈ కణాలు ఆ తొడుగులోకి దూరి, దాని వెంటే పాకుతూ, గడ్డకి ఎంతో దూరం వెళ్ళిపోతాయట. అంత సన్నని దారి స్కాన్‌లో కనబడదట. మీ నడుం నొప్పి నడుముది కాదట, ఆ నరాలదట.

నేను ఆ కాగితం మీంచి కళ్ళు తిప్పుకున్నాను. మీరు మాత్రం ఆ బొమ్మ మీదికి వంగారు. "అర్థమైంది డాక్టర్ సాబ్. కేబుల్లో తడి దిగినట్టు. చిల్లు ఒకచోట పడుతుంది, నీళ్ళు తొడుగు లోపలే నడుస్తాయి, ఫోను మూగపోయేది ఇంకెక్కడో" అన్నారు. హిందీలో అన్నారు గాని మీ హిందీలో కూడా రేపల్లె ఉంటుంది కదా.

ఆయన నవ్వారు. అంతేనని, కాకపోతే ఇక్కడి తడికి ప్రాణం ఉందని, నరం కూడా దాన్ని పిలుస్తుందేమోనని తమకో అనుమానమని చెప్పారు. నా శత్రువుకి నా ఇంట్లోవాళ్ళే తలుపు తీసినట్టు అనిపించింది నాకు.

ఎక్కడిదాకా పాకిందో ఎలా తెలుస్తుందని అడిగాను. తీసి, ల్యాబులో అంచులు చూస్తే గాని తెలియదన్నారు. ధమనికి కుడిపక్కన ఉన్న నరాలూ కొవ్వూ వీలైనంత శుభ్రంగా తీస్తానన్నారు. చుట్టూ మొత్తం ఒలిచేస్తే పేగులు అదుపు తప్పి, తిన్నది తిన్నట్టు పోయి మనిషి ఎండిపోతాడని, అందుకని అంతా తీయనని కూడా చెప్పారు. ఒక్క కణం లేకుండా తీస్తానని మాట ఇవ్వలేదు. తీయకపోతే మాత్రం కొద్ది నెలలేనన్నారు. దాచలేదండీ ఆయన. ఆ ఒక్కందుకే ఆయన్ని నమ్మాను.

ఇంటికి వస్తుంటే ఆటోలో మీరు రోడ్డు వైపు చూస్తూ అన్నారు, "తడి ఎక్కడిదాకా పోయిందో తవ్వకుండా తెలియదు సువార్తా. తవ్వమను."

అదీ మీ నిర్ణయం. సంతకం నాది కావచ్చు, నోటిమాట మీది.

ఆ సాయంత్రమే బావగారు ఫోన్ చేసి కత్తి వద్దన్నారు. మీరు ఆయన చెప్పినంతసేపూ విని, ఫోను పెట్టేసి, "భయపడటానికి సెలవు పెట్టలేదు నేను. ఆపరేషన్‌కి పెట్టాను" అన్నారు. వంటింట్లో చపాతీ కాలుస్తున్న నాకు వినబడాలనే అన్నారని నాకు తెలుసు.

ఆపరేషన్‌కి పొద్దున్నే లోపలికి తీసుకెళ్ళినవాళ్ళు చీకటి పడ్డాక గాని మిమ్మల్ని బయటికి తేలేదు. క్లోమం తల, చిన్నపేగు మొదలు, పిత్తాశయం, పైత్యం దిగే గొట్టం, జీర్ణాశయం చివర కొంత... అన్నీ తీసి, మిగిలినవాటిని పేగుకి మూడు చోట్ల కుట్టి అతికారు. మెలకువ రాగానే మీరడిగిన మొదటి మాట, "మూడు జాయింట్లూ లీకు లేకుండా వేశారా?" నన్ను కాదు, షారోన్‌ని కాదు, జాయింట్లని అడిగారు. ఒకటి కొన్నాళ్ళు కారింది. పొట్టకి పెట్టిన గొట్టంలోంచి నీళ్ళలాంటిది వస్తూ ఉండేది. మీరు రోజూ దాన్ని తేరిపార చూసి, నిన్నటి కంటే తగ్గింది అనేవారు. అదీ మానింది.

తర్వాత ల్యాబు రిపోర్టు వచ్చింది. నరాల వెంట ఉంది. ధమని వైపు అంచులో, సూక్ష్మదర్శినికి దొరికేంత మిగిలింది.

అంటే ఏమిటండీ? కత్తి పెట్టకముందే అది బయలుదేరింది. బావగారి ఫోను రాకముందే, మనం ఆటో ఎక్కకముందే. మీరు నడుముకి బెల్టు బిగించుకున్న రోజుల్లోనే అది నరం పట్టుకుని నడుస్తూ ఉంది. ఇది తెలియకుండా హాల్లో అంతమంది ఎలా తలలూపారు?

అందుకే లేచాను. నన్నెవరూ పిలవలేదు. పాస్టరుగారు ముగింపు ప్రార్థనకి పుస్తకం మూస్తున్నారు.

"బావగారూ, మీ తమ్ముణ్ణి కత్తి చంపలేదు. అది కత్తి కంటే ముందే నరాల్లో ఉంది. కత్తి తీయగలిగినంత తీసింది, తీయలేనిది ఎక్కడుందో చూపించింది. ఆ ఆపరేషనే లేకపోతే ఆయన ఆ ఏడు క్రిస్మస్ చూసేవారు కాదు. చూశారు. దాని తర్వాతదీ చూశారు" అన్నాను.

 

వెనక వరసలోంచి ఎవరో మెల్లగా, "పోనీ సిస్టర్, అంతా దేవుని చిత్తం" అన్నారు.

"దేవుని చిత్తమైతే మరి కత్తిని ఎందుకంటున్నారు?" అన్నాను.

 అప్పుడు షారోన్ లేచింది. ఊహ తెలిసినప్పటి నుంచి మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల. రోజూ సాయంత్రం ఫోన్లో మీరు తెలుగులో, అది హిందీలో, వినేవాళ్ళకి రెండు వేర్వేరు సంభాషణల్లా ఉండేవి. ఆ పిల్ల లేచి, కుర్చీ వీపు పట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది...

"పెదనాన్నా... మా నాన్నని ఎవరూ చంపలేదు. ఆపరేషన్ అయినాక నాన్న నన్ను హాస్టల్‌కి ఛోడ్‌నే ఆయే థే. నా పెట్టె ఒక పక్క నేను పట్టుకున్నాను, ఒక పక్క నాన్న పట్టుకున్నాడు. మూడో ఫ్లోర్ దాకా. అది మీరు చూడలేదు. నేను చూశాను."

దిగబెట్టడానికి వచ్చారు అనే చోట హిందీ ముక్క ఒక్కటే దొర్లింది. మిగతాదంతా మీ భాషే. మీరు విని ఉంటే బాగుండేది... విన్నారా?

 భోజనాలయ్యాయి. సాయంత్రం బావగారిని రైలెక్కించడానికి స్టేషన్‌కి వెళ్ళాం. ఆయన షారోన్ తల మీద చెయ్యి వేశారు. నా వైపు చూసి తలూపారు. అంతే. రైలు కదిలిపోయింది.

ఆయన మాట అక్కడితో పోయిందనుకున్నాను. పోలేదు. అది ఇంకొకరి ప్రాణం మీదికి వచ్చింది.

జేకబ్ గారు గుర్తున్నారు కదా, కరోల్ బాగ్‌లో ఐఏఎస్ కోచింగ్ పిల్లలకి ఆంధ్రా మెస్ నడుపుతారే, ఆయన. ఆదివారం ఆరాధన కాగానే మీరు నన్ను అక్కడికే లాక్కెళ్ళేవారు, గోంగూర కోసం. మొన్న వానాకాలంలో ఆయన భార్య కాంతమ్మ గారు మా వార్డు గేటు దగ్గర నిలబడి కబురు పంపింది. వెళ్తే, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

ఆయనకి కళ్ళు నిమ్మపండులా పచ్చబడ్డాయట. ఒళ్ళంతా దురద. మొదట కామెర్లని ఊరి నుంచి పసరు మందు తెప్పించుకుని తాగారట. తగ్గలేదు. స్కాన్ తీస్తే, పైత్యం గొట్టం పేగులోకి తెరుచుకునే చోట చిన్న గడ్డ. మీకు చేసిన ఆపరేషనే చేయాలన్నారట డాక్టర్లు. ఈయన చేయించుకోనని భీష్మించుకుని కూర్చున్నారు.

"ఆనందరావు గారిని కోశారు, పోయారు. కూడికలో వాళ్ళ అన్నయ్యే చెప్పాడు కదా అంటున్నాడు సిస్టర్. ఆ మాట పట్టుకుని వదలడం లేదు" అంది కాంతమ్మ గారు.

నాకు ఎంత కోపం వచ్చిందో ఏం చెప్పను. మీ పేరు. మీ పేరు చెప్పుకుని ఒక మనిషి చావడానికి కూర్చున్నాడు. మీరు దానికి ఒప్పుకుంటారా?

డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా మెట్రో ఎక్కి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. ఆయన గల్లా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దువ్వెనతో చేతులు గోక్కుంటున్నారు. చర్మం అంతా గీతలు.

"ఏమ్మా సువార్తమ్మా, ప్రార్థన చెయ్యడానికి వచ్చావా, నన్ను పట్టుకెళ్ళడానికి వచ్చావా?" అన్నారు.

"రెండింటికీ" అన్నాను.

"ఆనందరావు గారంతటి మనిషే నిలవలేదు. నేనెంతమ్మా? ఆ కోతలు కోయించుకోకుండా ఉన్నన్నాళ్ళు నా మెస్ చూసుకుంటాను. నా మానాన నన్ను పోనీ."

అప్పుడు చెప్పానండీ. మొత్తం చెప్పాను. ఆ ఆపరేషన్ తర్వాత మీరు బతికిన బతుకంతా చెప్పాను.

కీమో సూదులు పడుతూనే మీరు ఉద్యోగానికి వెళ్ళారని చెప్పాను. ఇదే కరోల్ బాగ్‌లో ఎవరో రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపేస్తే, గోతి పక్కన స్టూలు వేయించుకుని కూర్చుని, ఆ కాంట్రాక్టరుతో పోట్లాడి మరీ జాయింట్లు వేయించారని చెప్పాను. కొంచెం కొంచెంగా రోజంతా తినేవారని, తిన్నది అరగడానికి అన్నంతో పాటు మాత్రలు మింగేవారని, ఇన్సులిన్ సూది మీరే వేసుకునేవారని చెప్పాను. రెండో క్రిస్మస్‌కి పొట్టకి దిండు అదుముకుని క్వయర్‌లో మగవాళ్ళ వరసలో నిలబడి పాడారని చెప్పాను. అది జేకబ్ గారూ చూశారు కదా? చూసి మరిచిపోయారు. చావు మాత్రం గుర్తు పెట్టుకున్నారు.

నొప్పి తిరిగొచ్చిన సంగతి కూడా దాచలేదు. మిగిలిన చోటి నుంచే, ఆ నరాల దారినే వచ్చింది. ఈసారి నడుం నొప్పి అని ఎవరూ మనల్ని తిప్పలేదు. వీపు వైపు నుంచి పొడుగాటి సూది దించి, ఆ నరాల ముడి దగ్గర ఆల్కహాల్ వేసి దాన్ని మొద్దుబార్చారు. బల్ల మీద నుంచి దించగానే మీరన్న మాట చెప్తే జేకబ్ గారు దువ్వెన కింద పెట్టి నవ్వారండీ. "పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టనివాణ్ణి. ఆఖరికి వెన్నులోంచి తాగించారు కదే."

ఆ సూది మనకి కొన్ని నెలలు ఇచ్చింది. ఆ తర్వాత మార్ఫిన్ మాత్రలు. మందుల షాపులన్నీ మా దగ్గర లేదు పొమ్మంటే, ఉన్న ఆసుపత్రి వెతుక్కుని, చీటీ రాయించుకుని తెచ్చేదాన్ని. మత్తుకి అలవాటు పడతారని చుట్టాలు అన్నారు. పడనీయండి అన్నాను. మీరు నొప్పి లేకుండా, నన్ను పేరు పెట్టి పిలుస్తూ వెళ్ళారు. అదీ చెప్పాను జేకబ్ గారికి. చావు గురించి చెప్పాల్సి వస్తే అదే చెప్పాలి.

మీరు నాకు అప్పజెప్పిన మాట కూడా చెప్పాను. "క్యాన్సర్‌తో పోరాడి ఓడిపోయాడని మాత్రం ఎవరినీ అననీయకు. ఇదేమన్నా కబడ్డీనా, కూతకెళ్ళి అవుటవడానికి?"

తర్వాత సూటిగా అడిగాను. "మీకు నడుములో నొప్పి ఉందా?"

"లేదు."

"కడుపులోంచి వీపుకి పోటు?"

"లేదమ్మా. దురదే."

"మరి ఆయన కథ మీద పడుకుని నిద్రపోతారేం? ఆయనకి నొప్పి ముందొచ్చింది, పచ్చదనం తర్వాతొచ్చింది. మీకు పచ్చదనమే ముందొచ్చి కేక పెట్టింది. మీది గొట్టం నోటి దగ్గర ఉంది. నరాల్లోకి పోయి ఉండకపోవచ్చు. పోయి కూడా ఉండవచ్చు. నేను మాట ఇవ్వను. కానీ ఈ కుర్చీలో కూర్చుంటే మాత్రం తప్పకుండా పోతుంది."

ఆయన మళ్ళీ దువ్వెన తీసుకుని చేతులు గోక్కున్నారు. లోపల ఎవరో గిన్నెలు తోముతున్నారు. ఆలస్యంగా వచ్చిన ఇద్దరు కోచింగ్ పిల్లలు అన్నం ఉందా అంకుల్ అని అడిగారు. కూర్చోండి అన్నట్టు చెయ్యి చూపించారు. పిల్లలు తిని, చేతులు కడుక్కుని వెళ్ళాక నా వైపు తిరిగారు.

"మరి మెస్ ఎవరు చూస్తారు?" అన్నారు.

ఒప్పుకున్నారని అప్పుడు అర్థమైంది నాకు.

వంటింట్లోంచి కాంతమ్మ గారు, "ఇన్నాళ్ళూ వండింది ఎవరయ్యా?" అంది.

జేకబ్ గారి ఆపరేషన్ రోజు నేను సెలవు పెట్టి ఆవిడతో కూర్చున్నాను. అదే ఆసుపత్రి, అదే సర్జన్. ఆయనకి జుట్టు ఇంకాస్త తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి, మీ పేరు పలకబోయి ఆగారు. "పలకండి డాక్టర్, ఫర్వాలేదు" అన్నాను. పలికారు. మంచి మనిషి, ఆయన జాయింట్ల గురించి అడిగిన మాట మా జూనియర్లకి ఇప్పటికీ చెప్తుంటాను అన్నారు. చూశారా, మీరు ఆ ఆపరేషన్ థియేటర్‌లో ఇంకా ఉన్నారు.

కాంతమ్మ గారు తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరవనేలేదు. చీకటి పడే వేళకి జేకబ్ గారిని బయటికి తెచ్చారు. ఆ తర్వాత వారాలు సులువుగా గడవలేదు. జ్వరం వచ్చింది, ఒకసారి మళ్ళీ ఐసీయూలోకి తీసుకెళ్ళారు. చర్చిలో కొందరు, చెప్పాం కదా, కత్తి తగిలింది అన్నారు. నేను వాళ్ళ వైపు చూశాను. ఒక ఆంటీ అయితే మాట మార్చి వంకాయల ధర మాట్లాడింది.

జ్వరం తగ్గింది. లేచి కూర్చున్నారు. ల్యాబు రిపోర్టు వచ్చిన రోజు కాంతమ్మ గారు దాన్ని నా చేతికిచ్చి, కళ్ళు మూసుకుని నిలబడింది. నేను ఆ కాగితంలో ముందు వెతికింది నరాల గురించి రాసిన వరస.

నరాల్లో కనిపించలేదు. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి.

చెప్పాను. ఆవిడ నన్ను పట్టుకుని బావురుమంది. నేను ఆవిడ వీపు నిమిరాను. బయటికి వచ్చి బస్టాపులో నిలబడ్డాను. వచ్చిన బస్సులన్నీ ఎక్కకుండా వదిలేశాను.

మీతో అబద్ధం ఆడను. నాకు సంతోషం వేసింది. కానీ ఉక్రోషం కూడా వచ్చింది. ఆయనకి శుభ్రంగా వచ్చిన అంచు మీకెందుకు రాలేదు? ఆయన నరాలు పిలవనిదాన్ని మీ నరాలెందుకు పిలిచాయి? మీరేం పాపం చేశారు? ప్రార్థనలో కూడా అడిగాను. జవాబు రాలేదు. అడగడం మాత్రం మానలేదు. మానను కూడా. దేవుణ్ణి అడిగే హక్కు బైబిల్లో యోబుకి ఉన్నప్పుడు నాకు లేదా?

జేకబ్ గారు ఇప్పుడు మళ్ళీ గల్లా దగ్గర కూర్చుంటున్నారు. సగం మనిషి అయ్యారు. కారం తినకూడదు. తన మెస్‌లో తాను పెరుగన్నం తింటూ, పప్పులో ఉప్పు తక్కువైందని కాంతమ్మ గారిని కేకలేస్తున్నారు. మొన్న నేను వెళ్తే, "ఎన్నాళ్ళుంటానమ్మా?" అని అడిగారు. తెలియదన్నాను. "ఆనందరావు గారిలా ఉంటే చాలు" అన్నారు.

మీలా. విన్నారా? ఇదివరకు మీలా అయిపోతానని భయపడ్డ మనిషి.

ఇంకొక్క సంగతి. ఇది చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను. నిన్న బావగారు ఫోన్ చేశారు. కూడిక తర్వాత ఇదే మొదటిసారి. చలి ఎలా ఉంది, షారోన్ చదువు ఎలా ఉందని అడిగారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు. 

"ఇక్కడ మన సత్యానందం కొడుక్కి నడుం నొప్పి అమ్మా. పడుకుంటే ఎక్కువవుతోందంట, వంగి కూర్చుంటే తగ్గుతోందంట. మనిషి చిక్కిపోయాడు. డాక్టరు బెల్టు ఇచ్చాడు. నాకెందుకో... నువ్వేమంటావు?" అన్నారు.

కూడికలో అన్నదాని గురించి ఒక్క మాట లేదు. నేనూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తాలి? ఆ ప్రశ్నలోనే అంతా ఉంది.

రేపే గుంటూరు తీసుకెళ్ళి కడుపుకి స్కాన్ తీయించండి, నడుముకి కాదు అన్నాను. ఏమీ లేకపోతే సంతోషం. ఏమైనా ఉంటే ఆలస్యం చేయకుండా రైలెక్కించండి, స్టేషన్‌కి నేనే వస్తాను అన్నాను. సరేనన్నారు. పెట్టేసే ముందు, "ఆపరేషన్ అంటే వాళ్ళు భయపడతారేమో. నువ్వు మాట్లాడాలి" అన్నారు.

మాట్లాడతానండీ. వాళ్ళతోనే కాదు, అడిగిన ప్రతివాళ్ళతో మాట్లాడతాను. అడగనివాళ్ళతో కూడా. మీ గురించి చెప్పేటప్పుడు కోశారు, పోయారు అని ఎవరైనా మొదలుపెడితే వాళ్ళ మాట పూర్తి కానివ్వను. కోయించుకున్నారు, బతికారు, అది నరాల్లో కూర్చుని చూస్తుండగానే దాని ఎదురుగా బతికారు అని చెప్తాను.

మీ రజాయి ఎండకి వెచ్చబడింది. ఇవాళ అదే కప్పుకుంటాను.

ఉంటానండీ.

మీ
సువార్త